నేను చేసిన స్పీకరు పెట్టెలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడినవారు కరువు భత్యం గురించీ, బీపీ, షుగర్ల గురించీ చెప్పవలసిందంతా చెప్పేశారు. నన్ను 'రిటైరయ్యాక వ్యాపకం' మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నాకు తెలిసిన వ్యాపకం ఒక్కటే, స్పీకరు పెట్టెలు చేయడం. చేసింది ఎక్కువేమీ కాదు. మొదటి జత గురించే చెబుతాను.

1983 సంక్రాంతికి మా ఊళ్ళో మా అక్కయ్య పాడుతుంటే నేను టేపు చేశాను. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. 1991లో ఆవిడా వెళ్ళిపోయింది. ఆవిడ గొంతు మిగిలింది ఆ క్యాసెట్టులోనే. మా ఇంట్లో చిన్న టేపురికార్డరులో పెడితే రేకుడబ్బాలోంచి వచ్చినట్టుండేది. 2003లో 58 ఏళ్ళు నిండి ఇంటికొచ్చాక, ఈ గొంతు ఒక్కసారైనా సరిగ్గా వినాలి అనుకున్నాను. మంచి పెట్టెలు కొనే స్తోమత లేదు. కమ్యుటేషన్ సొమ్ము ఎలా పోతుందో మీకు నేను చెప్పాలా! అందుకని ఒక ఆంప్లిఫయరు, 8 అంగుళాల వూఫర్లు రెండు, ట్వీటర్లు రెండు విడిగా కొన్నాను.

"పాట స్పీకర్లోంచి వస్తుంటే మళ్ళీ పెట్టె దేనికండీ?" అంది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్నే. స్పీకరు కాగితం ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. ఆ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మంద్రస్థాయిలో మరీను. వెనక గాలిని విడిగా బంధించడానికే పెట్టె. ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావాలో లెక్క కట్టే పద్ధతిని నెవిల్ థీల్ అనే ఇంజనీరు 1961లో ఆస్ట్రేలియాలో ప్రచురించాడు. తర్వాత రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. ఆ లెక్కలు ఇక్కడ విప్పితే భోజనాలు చల్లారిపోతాయి.

పెట్టెలు 18 మి.మీ. ఎండీఎఫ్ పలకలతో చేశాను. బలంగానే ఉంటాయిగానీ చూడ్డానికి అట్టపెట్టెల్లా ఉంటాయి. పైన టేకు వెనీర్ అంటించాలి. వెనీరంటే దుంగ నుంచి సుమారు అర మిల్లీమీటరు మందాన తీసిన చెక్కపొర. అప్పడంలా ఉంటుంది, విరగడమూ అప్పడంలాగే విరుగుతుంది.

మొదట పొరకు ఒకవైపే తడి ఫెవికాల్ పూసి అంటించాను. తెల్లారేసరికి అంచులన్నీ చుట్టుకుపోయి బుడగలు లేచాయి. మా వీధి చివర వడ్రంగి మేస్త్రి చూసి నవ్వి, అసలు పద్ధతి చెప్పాడు. పలకకూ పొరకూ రెండింటికీ పల్చగా ఫెవికాల్ పూసి, తెల్లదనం పోయి అద్దంలా అయ్యేదాకా ఆరనివ్వాలి. అప్పుడు పొరను పరిచి, పైన పల్చని గుడ్డ వేసి, మధ్యలోంచి అంచులకు ఇస్త్రీ చేసుకుంటూ పోవాలి. వేడికి జిగురు మెత్తబడి రెండూ పట్టుకుంటాయి. వెంటనే చెక్కముక్కతో గట్టిగా రుద్దాలి. వేలి గోటితో తట్టి చూస్తే, అంటనిచోట డొల్ల చప్పుడొస్తుంది. అక్కడ మళ్ళీ ఇస్త్రీ. ఆవిరి మాత్రం వాడకూడదు. ఇస్త్రీ పెట్టె ఇంట్లోదేనని మా ఆవిడకు ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతి ఇక్కడ వద్దు.

తర్వాత స్పీకరు రంధ్రాలు. ముందు కోసి వెనీర్ వేయాలా, వేసి కోయాలా అని అడిగాను. మేస్త్రి, "సారూ, చొక్కాకి లైనింగు వేశాక కాజా కోస్తారా, కాజా కోశాక లైనింగు వేస్తారా?" అన్నాడు. అంతే, ముందు పలకను విడిగా ఉంచి వెనీర్ వేశాను. గుండ్రం మధ్యలో సన్న చిల్లు రెండువైపులా తేలేట్టు వేసి, వెనీర్ వైపు గుండ్రాన్ని పదును చాకుతో రెండు మూడుసార్లు గీశాను. జిగ్‌సా రంపం పళ్ళు పైకి లేచేటప్పుడు కోస్తాయి గనుక పైనున్న ముఖమే చిట్లుతుంది. కాబట్టి పలక బోర్లించి, అదే చిల్లు ఆధారంగా వెనకవైపు గుండ్రం గీసి అటునుంచి కోయాలి. రంపం దిగడానికి గీత లోపలే ఒక చిల్లు వేసుకోవాలి. అది వేసేటప్పుడు కింద పనికిరాని చెక్క పెట్టకపోతే వెనీర్ పెచ్చులూడుతుంది.

ఇంత జాగ్రత్తగా చేసినవాణ్ణి కొలతలో దెబ్బతిన్నాను. 8 అంగుళాల స్పీకరు కదా అని 8 అంగుళాల రంధ్రం కోశాను. ఆ 8 అంగుళాలు బయటి చట్రానిది. నా వూఫరుకు కావలసిన రంధ్రం 7¼ అంగుళాలే. స్పీకరు పెడితే బావిలో చెంబులా లోపలికి జారిపోయింది! వెనీర్ అయిపోయింది, మిగిలినవి ముక్కలే. నాలుగు రోజుల్లో అక్కయ్య ఆబ్దికం. "రండిరా, అమ్మ గొంతు వినిపిస్తాను" అని మేనల్లుళ్ళకు అప్పటికే ఉత్తరం రాశాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు మేస్త్రి వచ్చి, 9 మి.మీ. ప్లైవుడ్‌తో చక్రం కోశాడు, బయట 9½, లోపల 7¼. దాని మీద నా వెనీర్ ముక్కల్ని నాలుగు వంపులుగా అతికి, పలకకు ముందువైపు అంటించి బిగించాడు. చట్రం అంచు కింద వట్టి చక్రమే ఉంది కాబట్టి స్పీకరుకు మరలు చాలవని నట్టు బోల్టులు వేశాడు. రెండో పెట్టె నేను సరిగ్గానే కోశాను. కానీ ఒకదానికి ఉండి ఒకదానికి లేకపోతే ఎలా? దానికీ చక్రం పెట్టాల్సి వచ్చింది. చూసినవాళ్ళు ఆ చక్రాలు అలంకారమనుకుని మెచ్చుకుంటారు. నేనూ ఇవాళ్టిదాకా కాదనలేదు.

ఆబ్దికం నాడు భోజనాలయ్యాక క్యాసెట్టు పెట్టాను. పాట మాకు తెలిసిందే. కానీ పాట మధ్యలో వెనకాల రోటి చప్పుడు, గాజుల గలగల, చివర్లో అక్కయ్య నెమ్మదిగా "ఒరే చిన్నా, ఇంక ఆపరా అది" అనడం చిన్న టేపురికార్డరులో ఎన్నడూ వినపడలేదు. పెద్ద మేనల్లుడు లేచి పెరట్లోకి వెళ్ళాడు. చిన్నవాడు మళ్ళీ వెయ్యమన్నాడు. ఆ సాయంత్రం నాలుగుసార్లు వేశాం.

ఇప్పుడు ఆ పాటను మా మనవడు ఫోనులోకి ఎక్కించాడు. పెట్టెలు మాత్రం ముందు గదిలోనే ఉన్నాయి. మొన్న వానల్లో ఎడమ పెట్టె పైఅంచున వెనీర్ లేచింది. ఈ ఆదివారం ఇస్త్రీ చేస్తాను. ఎవరైనా నేర్చుకోవాలనుకుంటే ఇంటికి రండి. మా ఆవిడ నాకు వేరే ఇస్త్రీ పెట్టె కొనిపెట్టింది.

భోజనాల గంట కొట్టారు. సెలవు.