నియమం ఎందుకు నిలబడుతుంది?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మన ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. అప్పు వాయిదాలు కట్టని సభ్యుల పేర్లు బోర్డు మీద రాసి గ్రామ సంఘం ఆఫీసు ముందు పెట్టాలని కొన్ని గ్రామ సంఘాలు అడిగాయి. వాళ్ల బాధ మాకు తెలుసు. ఒక్కరు బకాయి పడితే సంఘం మొత్తానికి బ్యాంకులో పేరు చెడుతుంది, తర్వాతి అప్పు కష్టమవుతుంది. క్రమంగా కట్టేవాళ్లకు కడుపు మండదా మరి? అయినా ఈ ప్రతిపాదనకు చేతులెత్తే ముందు, అసలు మనుషులు నియమాన్ని ఎందుకు పాటిస్తారో కాసేపు ఆలోచిద్దాం.

శిక్ష పడుతుందన్న భయం ఒక కారణం. నలుగురూ ఏమనుకుంటారోనన్న సిగ్గు రెండోది. ఇది మనం కూర్చుని రాసుకున్నదే, అందరికీ ఒకేలా ఉంది, దీనివల్ల మనకే మేలు అన్న నమ్మకం మూడోది. ఏ ఊరికైనా, ఏ దేశానికైనా ఈ మూడూ కావాల్సిందే. కాకపోతే భయం చూసేవాళ్లు ఉన్నంతసేపే పనిచేస్తుంది. సిగ్గు హద్దు దాటితే మనిషిని సంఘానికే దూరం చేస్తుంది. ఎక్కువ కాలం నిలిచేది నమ్మకమే.

కట్నం సంగతి చూడండి. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. ఇచ్చినా, తీసుకున్నా నేరమే. అయినా కట్నం ఊసు లేని పెళ్లి మాటలు మన ఊళ్లలో ఎన్ని జరుగుతున్నాయి? ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ కలిసి దాచిపెడితే పోలీసులకు తెలిసేదెట్లా? చట్టం వచ్చింది గానీ ఊరి ఒప్పుకోలు ఇంకా రాలేదు.

సారా పోరాటం మన తల్లుల తరం చేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత కేంద్రంలో చదువుకుంటున్న మహిళలు ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ కబురు ఊరూరా పాకింది. ఆడవాళ్లు వెళ్లి వేలంపాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. కానీ దొంగచాటు అమ్మకాలు పెరిగాయి, ఖజానాకు రాబడి పడిపోయింది. 1997లో దాన్ని సడలించారు. ఊరి ఆడవాళ్లు కాపలా కాసిన చోట దుకాణం తెరవడానికి జంకారు. కాపలా లేని చోట ఉత్తర్వు ఒక్కటే ఏం చేయగలదు?

ఇక సిగ్గు మాట. 2010 నాటి సంగతి మనలో చాలామందికి గుర్తుంది. కొన్ని మైక్రో ఫైనాన్స్ కంపెనీల ఏజెంట్లు వారం వారం వసూళ్లకు వచ్చేవాళ్లు. ఒకామె కట్టలేకపోతే తోటి సభ్యులనే తీసుకెళ్లి ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టేవాళ్లు. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి బలవంతపు వసూళ్లను నిషేధించింది. బయటివాళ్లు చేస్తే తప్పన్న పనిని మన బోర్డు మీద మనమే చేద్దామా?

ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా ఆవిడ 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. కాలువ నీళ్లు, అడవులు, పచ్చిక బయళ్లు, చేపలు పట్టే చోట్లు జనం కలిసి ఎలా కాపాడుకుంటున్నారో ఆవిడ అనేక దేశాల్లో పరిశీలించారు. ఎక్కువ కాలం నిలిచిన చోట్ల నియమం మార్చడంలో వాడుకునేవాళ్లకే మాట ఉంది. కాపలా వాళ్లదే, లేదా వాళ్లకు జవాబు చెప్పేవాళ్లది. మొదటి తప్పుకు చిన్న జరిమానా, మళ్లీ మళ్లీ చేస్తే పెద్దది. తగవు వస్తే దగ్గర్లోనే తీర్చుకునే చోటుంది.

ఇందులో మనకు తెలియంది ఏముంది? మన పంచసూత్రాలు కూడా ఇలాంటివే కదా. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ ఈ రోజు దేశమంతా పాకిందంటే, తాకట్టు లేకుండా మనల్ని నమ్మారంటే, ఈ క్రమాన్ని చూసే.

అందుకని బోర్డు ప్రతిపాదనకు బదులుగా పాలకవర్గం ఈ తీర్మానాన్ని మీ ముందు పెడుతోంది.

ఒకటి, వాయిదా తప్పిన వారం లోపల ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి వెళ్లి కారణం అడగాలి. వసూలుకు కాదు, కనుక్కోవడానికే వెళ్లాలి.

రెండు, జబ్బు, చావు, పంట నష్టం లాంటివైతే సంఘంలో చర్చించి వాయిదాలు మార్చి మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలి.

మూడు, ఉండీ కట్టకపోతే మొదట చిన్న జరిమానా. ఎంతన్నది ఆ సంఘమే నిర్ణయించుకోవాలి. రశీదు ఇచ్చి సంఘం నిధిలో జమ చేయాలి. అలాగే కొనసాగితే తర్వాతి అప్పు తగ్గించాలి, ఆపాలి.

నాలుగు, నెలనెలా సమావేశంలో ముందుగా లీడర్ల సొంత అప్పుల లెక్క చదవాలి. కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకుంటాం? పాలకవర్గంలో ఉన్న మాతో సహా ఎవరికీ మినహాయింపు లేదు.

ఇది మెతకతనమని కొందరు అక్కలు అంటున్నారు. బకాయి వదిలేద్దామని మేము చెప్పడం లేదు. ప్రతి రూపాయీ అడగాల్సిందే. అయితే అడిగిన తర్వాత కూడా ఆమె వచ్చే సమావేశానికి వచ్చి మన పక్కన కూర్చోవాలి. వస్తేనే బాకీ తీరుతుంది. రాకుండా ఊరొదిలి పోతే డబ్బూ పోతుంది, మనిషీ పోతుంది.

ఈ నాలుగు అంశాలను గ్రామ సంఘాల్లో చదివి వినిపించండి. మార్చాలనిపిస్తే మార్పులు రాసి వచ్చే నెల సమాఖ్య సమావేశానికి తీసుకురండి. మీరు ఒప్పుకుని సంతకం పెట్టాకే అది నియమం అవుతుంది.