బ్యాటరీ నిలవడం లేదా? ముందు ఇంట్లో ఏముందో చూద్దాం



ఈ సాయంత్రం కూటంలో లాప్‌టాప్ బ్యాటరీ గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. అయ్యగారు వాక్యం వదిలేసి రిపేరు షాపు పెట్టారా అని అడిగినవాళ్లూ ఉన్నారు. వాక్యం వదల్లేదు. రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయంలోనే ఉన్నాం. భర్త చనిపోయిన ఒక స్త్రీ. అప్పులవాడు వచ్చి ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోతానంటున్నాడు. ఆమె వచ్చి మొరపెట్టుకుంటే ఎలీషా వెంటనే చందా వసూలు చేయలేదు. నీ ఇంట్లో ఏముందని అడిగాడు. మేము అడగడం మరచిపోయింది ఆ ప్రశ్నే.

మన సంఘంలో ఒక అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి కాంట్రాక్టు మీద పారిశుద్ధ్య కార్మికుడు. తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల పిల్లలకు ఉచిత లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టిన సంగతి మీకు తెలుసు. ఆ పథకంలో అన్నకు వచ్చిన లాప్‌టాప్ ఇప్పుడు చెల్లెలి చేతికి వచ్చింది. ఎంత చార్జింగ్ పెట్టినా 20 నిమిషాలకు ఆరిపోతుంది. హౌసింగ్ బోర్డు ఇల్లు, ఉన్నది ఒకటే గది. తండ్రి తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్లాలి కాబట్టి తొమ్మిదింటికే లైటు ఆర్పేస్తారు. అమ్మాయి బయట మెట్ల మీద కూర్చుని చదువుకుంటుంది. మెట్ల మీద లైటు ఉంది, ప్లగ్గు లేదు. అదీ సమస్య.

కొత్త లాప్‌టాప్ కొనడానికి తల్లి వారం వడ్డీకి 35,000 రూపాయలు మాట్లాడుకుంది. అది విని మేము తొందరపడ్డాం. ఆదివారం ఆరాధన తర్వాత అమ్మాయి పేరు చెప్పి, సహాయం చేయండని ప్రకటన చేశాం. కూటం ముగిశాక ఆమె వచ్చి, "అయ్యగారూ, నా పేరు చెప్పకుండా ఉంటే బాగుండేది. లాప్‌టాప్ బాగానే ఉంది. బ్యాటరీ ఒక్కటే నిలవడం లేదు" అంది. సిగ్గుపడ్డాం. ఏం కావాలో ఆమెను అడగకుండానే మేము దాతలమైపోయాం.

ఆ సాయంత్రమే ఇద్దరు యవనస్తులతో కూర్చుని చూశాం. విండోస్ లాప్‌టాప్ ఉన్నవాళ్లు మీరూ చూసుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, 'పవర్‌సీఎఫ్‌జీ' అని ఇంగ్లీషులో కలిపి టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, వాలు గీత పెట్టి, దాని పక్కనే 'బ్యాటరీరిపోర్ట్' అని ఒకే మాటగా కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తలో బ్యాటరీ పట్టే శక్తి, ఫుల్ చార్జ్ కెపాసిటీ, అంటే ఇప్పుడు పట్టే శక్తి, రెండూ ఉంటాయి. మాకు మొదటి అంకె 47,000, రెండోది 9,000 కనిపించాయి. అంటే కుండ ఐదో వంతుకు కుంచించుకుపోయింది. ఇక ఎంత పోసినా నిలిచేది అంతే.

రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే తప్పు బ్యాటరీది కాదు. కరెంటు తాగేది వేరే ఏదో. స్క్రీన్ వెలుతురు తగ్గించండి, అన్నిటికంటే ఎక్కువ తాగేవాటిలో అదొకటి. బ్రౌజర్‌లో 30 ట్యాబులు తెరిచి ఉంచడం, లాప్‌టాప్ ఆన్ చేయగానే మనం పిలవకుండానే లేచి కూర్చునే ప్రోగ్రాములు, ఇవన్నీ చూసుకోండి. సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంత వాడిందో కనిపిస్తుంది.

లిథియం బ్యాటరీకి ఆయుష్షు ఉంటుంది. సాధారణంగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా నింపి ఖాళీ చేసేసరికి దాని పట్టు తగ్గిపోతుంది. వేడి ఆ ఆయుష్షును ఇంకా తగ్గిస్తుంది. మన చెన్నై మే నెల సంగతి చెప్పాలా! పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే గాలి తగలక ఉడికిపోతుంది. రోజంతా నూరు శాతం చార్జ్‌లో ఉంచడమూ మంచిది కాదు. చాలా కంపెనీల లాప్‌టాప్‌లలో 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంది, ఆన్ చేసుకోండి.

తర్వాత రిచీ స్ట్రీట్‌కు వెళ్లాం. రెండు షాపుల్లో దీన్ని పడేసి కొత్తది కొనమన్నారు. మూడో షాపులో ఒక పెద్దాయన మోడల్ నంబరు చూసి బ్యాటరీ తెప్పిస్తానన్నాడు. 1,800 రూపాయలు అయింది. వెనక గొళ్లెం జరిపితే పాతది ఊడింది, కొత్తది ఎక్కింది. అంతే. కొనేటప్పుడు బి.ఐ.ఎస్. గుర్తు చూడండి, బిల్లు అడగండి. ఊరూపేరూ లేని చవక బ్యాటరీ నిప్పుతో చెలగాటం.

ఆ 1,800 తల్లే ఇచ్చింది. సంఘం చందా ఇస్తామన్నా తీసుకోలేదు. వడ్డీ మాట రద్దు చేసుకుంది.

ఇక ఆ పాత బ్యాటరీ. చెత్తబుట్టలో వేయబోతుంటే అమ్మాయే ఆపింది. "నాన్న చేతికే వస్తుంది అయ్యగారూ" అంది. దాని మీద అడ్డంగా కొట్టేసిన చెత్తడబ్బా బొమ్మ ఉంటుంది, మనం చూడం. చెత్తబండిలో నలిగితే లిథియం బ్యాటరీ అంటుకుంటుంది. ఆ బండి వెనక నిలబడేది ఎవరు? ఈ నగరంలో తరాలుగా చెత్త ఎత్తుతున్నవాళ్లలో మన తెలుగు దళితులు ఎంతమంది ఉన్నారో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టులో పని ప్రైవేటుకు ఇవ్వొద్దని రిప్పన్ భవనం ముందు రోజుల తరబడి కూర్చున్న రాయపురం, తిరు.వి.క. నగర్ కార్మికుల్లో మన ఇళ్లవాళ్లు లేరా?

రెండో కొస ఇంకా దూరంలో ఉంది. చాలా లాప్‌టాప్ బ్యాటరీల్లో కోబాల్ట్ ఉంటుంది. ప్రపంచంలో సగానికి పైగా కోబాల్ట్ కాంగో నుంచే వస్తుంది. దక్షిణ కాంగో గనులన్నిటిలో కలిపి దాదాపు 40,000 మంది పిల్లలు పనిచేస్తున్నారని 2014లో యునిసెఫ్ అంచనా వేసింది. కాంగో ప్రజల్లో ఎక్కువమంది క్రైస్తవులే. మనలాగే ఆదివారం గుడికి వెళ్లేవాళ్లు. అక్కడి బిడ్డ తవ్వింది ఇక్కడి బిడ్డ తండ్రి ఎత్తుతున్నాడు. మధ్యలో మూడు, నాలుగేళ్లు మాత్రమే మన ఒళ్లో ఉంటుంది. ఆ మూడు, నాలుగేళ్లను ఏడెనిమిదేళ్లు చేయడం మన చేతిలో కొంతైనా ఉంది.

కంపెనీల బాధ్యత లేదా అంటే, ఉంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైకిలింగ్‌కు పంపాల్సింది ఉత్పత్తిదారులే. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి వాడేవాళ్లే విప్పి మార్చుకోగలిగేలా బ్యాటరీలు పెట్టాలని చట్టం చేశారు. మన దగ్గర మాత్రం బ్యాటరీని లోపల జిగురుతో అతికించి అమ్ముతున్నా అడిగేవాళ్లు తక్కువ. మీరు అడగండి. కొనేముందే బ్యాటరీ మార్చడానికి వీలుందా, ఎంతవుతుంది అని అడగండి.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం ఉబ్బినా, బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఆపేయండి. చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, సూదితో పొడవొద్దు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

వచ్చే శనివారం నాలుగింటికి ఆ ఇద్దరు యవనస్తులు, ఆ అమ్మాయి ఇక్కడే కూర్చుంటారు. లాప్‌టాప్‌లు తీసుకురండి, రిపోర్టు తీసి చూపిస్తారు. ఎవరి పేరూ మైకులో చెప్పం. ఇంట్లో పాత ఫోన్, లాప్‌టాప్ బ్యాటరీలు మూల పడి ఉంటే, కొసలకు టేపు అంటించి తీసుకురండి, కలిపి సేకరణ కేంద్రానికి పంపుదాం. చార్జర్ మరచిపోకండి. పోయినసారి నలుగురు వస్తే ముగ్గురు మరచిపోయారు.