గ్రంథాలయములు – ఛాయాచిత్రములు

(గ్రంథాలయ వారోత్సవసభలో గావించిన యుపన్యాసము)



గ్రంథాలయముల యావశ్యకతను గూర్చి మనము ఉపన్యాసముల నిచ్చుచున్నాము, కరపత్రములను పంచిపెట్టుచున్నాము. కాని చదువు అలవాటు లేనివానిని అక్షరములతోనే పిలుచుట చెవిటివాని ముందు శంఖ మూదుటయే. అట్టివాని నాకర్షింపగలది చిత్రము. నేడు ఛాయాచిత్రము తీయు సాధనము ప్రతివాని జేబులోను గలదు. దానిని గ్రంథాలయసేవకు వినియోగింపవలయునని నా మనవి.

ఇది క్రొత్తమార్గము కాదు. మూడవ సయాజీరావు గైక్వాడు మహారాజు 1910లో బోర్డెను అను అమెరికా గ్రంథాలయాధికారిని బరోడాకు రప్పించి గ్రంథాలయవ్యవస్థను నెలకొల్పెను. ఆ శాఖలో పుస్తకములతోపాటు దృశ్యబోధనమునకును స్థానముండెను. చదువురాని పల్లీయుడు సయితము మాజిక్ లాంతరు వెలుగున ప్రపంచమును జూడగలిగెను.

ఆర్థికమాంద్యపు దినములలో, 1935 మొదలు 1943 వఱకు, అమెరికాలోని కెంటకీ కొండసీమలలో స్త్రీలు గుఱ్ఱములపై పుస్తకముల మోసికొని, వాగులు దాటి, ఇల్లిల్లు తిరిగెడివారు. వారి ఛాయాచిత్రములు నేటికిని నిలిచియున్నవి. వానిలో గనుపించునవి భవనములు కావు. దుర్గమమైన త్రోవ, గుఱ్ఱము, గుమ్మమున నిలిచి పుస్తక మందుకొను పాఠకులు. చూచినవానికి వేఱు వ్యాఖ్యాన మక్కఱలేదు. అదే 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. అట్టి సేవ మనకును గ్రొత్త కాదు.

మఱి నేడు మన గ్రంథాలయముల చిత్రము లెట్లున్నవి? వేదిక, పూలమాలలు, శాలువలు, పెద్దల వరుస! పాఠకు డెక్కడ? 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసిన వేటపాలెము సారస్వతనికేతనమును దలపుడు. శిలాఫలకమును మాత్రమే చూపిన నది జ్ఞాపకచిహ్నము. అచటి పాతపత్రికలను విప్పి చదువుకొను పరిశోధకుని జూపిన నది సజీవ గ్రంథాలయము.

ఇది కేవలము అలంకారవిషయము కాదు. 1960 నాటి చట్టము ననుసరించి ప్రజలు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును జెల్లించుచున్నారు. వసూలైన సొమ్ము గ్రంథాలయసంస్థలకు సకాలమున జేరుటలేదను మొఱ తఱచుగా వినబడుచున్నది. తా మిచ్చిన పైకమున కేమి ఫలము గలుగుచున్నదో కన్నులార జూడని ప్రజలు, అది నిలిచిపోయినప్పుడు మాత్రము ఏల యడుగుదురు?

కావున ఉదయమున వార్తాపత్రికకై నిరీక్షించు వృద్ధుని జూపుడు. ఉద్యోగపరీక్షకై ప్రొద్దుక్రుంకువఱకు చదువు యువతిని జూపుడు. చినిగిన పుస్తకమునకు అట్టవేయు సేవకుని జూపుడు. కారుచున్న పైకప్పును గూడ దాపకుడు. దాని క్రిందనే చదువుకొను విద్యార్థిని జూచినవారికి మరమ్మతు ఆవశ్యకత తానే బోధపడును.

అయితే కొన్ని నియమములు పాటింపవలయును. పుస్తకము చేతికిచ్చి చదువునట్లు నటింపజేయరాదు. అనుమతి లేనిదే యెవరి చిత్రమును ప్రకటింపరాదు; బాలురయెడల తల్లిదండ్రుల సమ్మతి యవశ్యము. ప్రతిచిత్రము క్రిందను ఊరును, తేదీని వ్రాయవలయును. లేనిచో నేబది యేండ్లకు అది యెవరికిని దెలియని కాగితమగును.

ఈ చిత్రములను గ్రంథాలయపు గోడలకే తగిలించిన ప్రయోజనము స్వల్పము. అచ్చటికి వచ్చువారు ముందే పాఠకులు గదా! బస్సు నిలయమున, సంతలో, పాఠశాలలో, పురపాలక కార్యాలయద్వారమున బ్రదర్శింపుడు. పన్ను నిచ్చువాడును, దానిని వసూలుచేయువాడును ఒకే చిత్రము నెదుట నిలువవలయును. గ్రంథాలయము తనదని ప్రజ గుర్తించిననాడు దానిని మూయ నెవ్వరికిని సాహసము గలుగదు.