పండుగల యేర్పాటులు - ప్రభుత్వ నియమములు



పండుగ యెన్నడో నిర్ణయించువాడు సిద్ధాంతి. పిండివంట లెవ్వియో నిర్ణయించునది ఇల్లాలు. కాని పట్టణమందు పదిమంది కూడి జరుపుకొను పండుగకు మూడవ నిర్ణేత కూడ కలడు. అది ప్రభుత్వము. ఏ దినమున సెలవు, ఏ వీధిలో పందిరి, ఏ గంటవరకు పాట, ఏ నీటిలో నిమజ్జనము అను నాలుగు ప్రశ్నలకును నేడు సమాధానము పంచాంగములో లేదు, నియమావళిలో ఉన్నది. ఈ సంగతి సూరతు నగరమందలి సలాబత్‌పురా వంటి పేటలో స్పష్టముగా గోచరించును.

సలాబత్‌పురా బట్టల వర్తకమునకు పేరువడిన చోటు. సూరతు మరమగ్గములను నమ్ముకొని తెలంగాణ జిల్లాలనుండి వేలాది నేతకుటుంబములు వచ్చి ఈ నగరమున స్థిరపడినవి. వారిలో పద్మశాలీలు పెక్కుమంది. వారి బిడ్డలకై నగరపాలక సంస్థ తెలుగు పాఠశాలలను కూడ నడపుచున్నది. వీరు ఆశ్వయుజమాసమున బతుకమ్మ నాడుదురు. ఇంచుమించుగా ఆ దినములలోనే గుజరాతు దేశమంతయు గర్బా నృత్యములతో మారుమ్రోగుచుండును.

మొదట సెలవుమాట. కేంద్రప్రభుత్వ కార్యాలయములకు సంవత్సరమునకు పదునేడు సెలవులు. అందు పదునాలుగు దేశమంతటికిని సమానము. తక్కిన మూడింటిని పండ్రెండు పండుగల పట్టికనుండి ఆయా రాష్ట్ర రాజధానులలోని ఉద్యోగుల సంక్షేమ సమన్వయ సంఘము ఏరుకొనును. సంక్రాంతియు, ఉగాదియు ఆ పండ్రెండింటిలోనివే. కావున ఒకే ఉద్యోగికి హైదరాబాదులో సెలవైన పండుగ సూరతుకు బదిలీయైనంతనే పనిదినము కావచ్చును. అట్టివానికి ఐచ్ఛిక సెలవులు రెండు మిగిలియుండును. దినము పోయినను జీతము పోదు. నేసిన బట్ట కొలతనుబట్టి కూలి పుచ్చుకొను మరమగ్గపు కార్మికున కట్లు కాదు. మగ్గ మాగిన పూట కూలియు నాగును. అందుచేత సద్దుల బతుకమ్మనాడు ఇంటి ఆడువారు పూలు పేర్చుచుండగా మగవారు పండ్రెండు గంటల పాళీలో నుందురు. ఆ పండుగకు వేళ యేర్పరచునది తిథి యొక్కటియే కాదు, పాళీ కూడ.

రెండవది ధ్వని. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి పదిగంటలనుండి ఉదయము ఆరుగంటలవరకు ధ్వనివర్ధకములు నిషిద్ధము. ఉత్సవములకై సంవత్సరమున పదునైదు దినములకు మించకుండ అర్ధరాత్రివరకు సడలింపు నిచ్చు అధికారము రాష్ట్రప్రభుత్వమునకు కలదు. 2005లో సుప్రీంకోర్టు ఆ సడలింపును సమర్థించినది. గుజరాతులో నవరాత్రుల కిచ్చు సడలింపు గర్బాను తలచి యిచ్చినది. బతుకమ్మ తలపునకు వచ్చి యిచ్చినది కాదు. ఐనను తిథులు కలియుటచే ఆ మేలు తెలుగు స్త్రీలకును దక్కుచున్నది. ఒకరికొరకు వ్రాసిన నియమము ఇంకొకరికి ఉపకరించుట కిది నిదర్శనము.

అట్లే ఒకరికొరకు వ్రాసినది ఇంకొకరికి చిక్కు తెచ్చుటయు కలదు. విగ్రహ నిమజ్జనమునకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో మార్గదర్శకములు వెలువరించి, 2020లో సవరించినది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహములు కూడదనియు, నిమజ్జనమునకు ముందే పూలు, వస్త్రములు మున్నగువానిని తీసి వేరుగా ప్రోగుచేయవలెననియు అందు విధించిరి. సూరతులో గణపతి విగ్రహములు తాపీనదిలో కలియకుండుటకై నగరపాలక సంస్థ కృత్రిమ కొలనులు త్రవ్వించుచున్నది. ఇది మెచ్చదగిన పని. కాని ఆ నియమము వ్రాసినవారి కన్నులయెదుట ఉన్నది విగ్రహము. పూలు దాని యలంకారము. బతుకమ్మయందు పూలే దేవత! పూలు తీసివేసినచో తాంబాళము తప్ప మిగులున దేమి? సున్నము లేని ఆ పూలకు ఒక మూల కాసింత నీటి తావు చూపుట కష్టము కాదు. మరునాడు వానిని తీసి ఎరువు చేయవచ్చును. కాని ఎవరో అడిగిననే గదా చూపుదురు!

ఇట్లనుటచే నియమము లక్కరలేదని భావింపరాదు. 1994లో తాపీ వరదలు, పేరుకొనిన చెత్త, వానివెంట సెప్టెంబరులో ప్లేగు సూరతును గడగడలాడించినవి. లక్షలమంది నగరము విడిచి పారిపోయిరి. 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారి కఠినపాలనచే ఆ పట్టణమే పరిశుభ్రతకు పేరు గాంచినది. కరోనా కాలమున 2020లో గర్బా నిలిచిపోయినది. 2021లో పెద్ద మైదానముల వాణిజ్యోత్సవములను కాదని, నాలుగువందల మందికి మించని వీధి గర్బాలకు మాత్రమే అనుమతించిరి. పెద్ద పందిరి మూతపడినప్పుడు చిన్న ముంగిలి పండుగను నిలిపిన నియమమది.

ప్రభుత్వము పండుగను నియంత్రించుటయే కాదు, పోషించుటయు కలదు. 2014లో తెలంగాణరాష్ట్రము బతుకమ్మను, బోనాలను రాష్ట్రపండుగలుగా ప్రకటించినది. 2017లో బతుకమ్మ చీరల పంపిణీ మొదలిడి, సిరిసిల్ల మరమగ్గములకు పని కల్పింపదలచినది. తొలియేట ఆ మగ్గములు చాలక కొంత సరకు సూరతునుండియే తెప్పింపవలసి వచ్చినది. సిరిసిల్ల నేతగాండ్రకై తలపెట్టిన పథకము, వలసవచ్చిన వారి సోదరులున్న ఊరి బేరములను కదల్చుట విచిత్రము గదా!

వీనినన్నింటిని కూర్చి చూడగా తేలు సారాంశ మొక్కటి. నియమము కర్తకు తెలిసిన పండుగను దృష్టిలో నుంచుకొని పుట్టును. తెలియని పండుగకు ద్వేషముచేత గాదు, తెలియమిచేతనే చోటుండదు. దస్త్రములో పేరు లేనిదానికి కొలనులో నీరుండదు, వీధిలో కావలియు నుండదు.

కావున పండుగ వారమున పోలీసు ఠాణాకు పరుగెత్తుట యేర్పాటు కాదు. గణపతి ఉత్సవముల యోచన సాగునప్పుడే బతుకమ్మ తేదీలు, ఆడు చోటులు, వచ్చు స్త్రీల సంఖ్య, ముగియు వేళ, కోరు కొలను వివరించి గుజరాతీలో నొక అర్జీ అధికారులకు చేరవలెను. త్రవ్విన కొలను ఆనాటివరకు నిలుచునా, అందు నీరుండునా యని ముందే అడుగవలెను. పూలు తిరిగి ప్రోగుచేయు బాధ్యతను అందే వ్రాసి యొప్పుకొనవలెను. హక్కు నడుగువాడు బాధ్యతను చూపినప్పుడు అధికారి కలము తేలికగా కదలును.

అర్జీ వ్రాయు నేర్పు కార్యాలయోద్యోగులకు కలదు. పండుగను బ్రతికించుకొను నేర్పు మగ్గముల పేటల ఆడుబిడ్డలకు కలదు. ఈ రెండు నేర్పులును ఇంతవరకు వేర్వేరు వీధులలో కాపురమున్నవి. సంఘమున్నది వానిని కలుపుటకే. ఈ యేడు రాబోవు ఎంగిలిపూల దినమునకు ముందుగనే ఆ కాగితము కదలిననాడు, ఆ తల్లుల పూలు నీటిని చేరును. సంఘము పేరును సార్థకమగును.