జిరాక్సు యంత్రముల మరమ్మతు: మార్కు మార్చుకొనువారి సంగతి

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ సభలలో సత్రపు లెక్కలనుగూర్చియు, విద్యార్థుల బహుమానములనుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. నేను జీవితమంతయు శబ్దమంజరియు, తెలుగు వాచకములును చెప్పుకొని బ్రతికినవాడను. ఇట్టివాడు యంత్రములనుగూర్చి మాటలాడుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. కాని కర్నూలు కడప ప్రాంతములయందు కార్యాలయములలోని జిరాక్సు యంత్రములను బాగుచేయుచు జీవించు పిల్లలు మన యిండ్లలో కొందఱు కలరు. ఒక మార్కు యంత్రములను విడిచి మఱియొక మార్కునకు మాఱవలసి వచ్చినపుడు వారికి గలుగు కష్టమును నేను నా యింటనే చూచితిని. కావున ఈ విషయమునే యెన్నుకొంటిని.

నేను ఉద్యోగమున జేరిన దినములలో పరీక్షాపత్రములను సైక్లోస్టైలు చేసెడివారము. మైనపు స్టెన్సిలుపై గంటముతో వ్రాసి, సిరా పూసి, పిడిపట్టి త్రిప్పవలయును. చొక్కాపై మరక లేని గుమాస్తాను నేనెఱుగను. మా యంత్రముపై గెస్టెట్నరు అను పేరుండెడిది. ఆ పేరు శాశ్వతమని తలచెడివాడను. 1995లో ఆ సంస్థ రికో అను జపాను సంస్థలో చేరిపోయినది.

పొడినకలు పుట్టుక వేఱు. చెస్టర్ కార్ల్‌సన్ అను నమెరికా దేశీయుడు ఒక కంపెనీ పేటెంటుల శాఖలో పనిచేయుచు, పత్రములకు నకళ్లు చాలక విసిగినవాడు. 1938 అక్టోబరు 22న న్యూయార్కు నగరమందలి ఆస్టోరియాలో తన సహాయకునితో గూడి, గంధకము పూసిన జింకు రేకును చేతిగుడ్డతో రుద్ది విద్యుత్తు పుట్టించి, అక్షరములు గల గాజుపలకగుండ వెలుతురు చూపి, సన్నని పొడి చల్లి, ఆ తేదీని ఆ యూరిపేరును మైనపు కాగితముపైకి దింపెను. తరువాత గ్రీకుభాష నెఱిగిన పండితుడొకడు ‘పొడి’, ‘వ్రాత’ అను నర్థములుగల రెండు మాటలను గూర్చి జిరోగ్రఫీ యని పేరు పెట్టెను. మన భాషలో శుష్కలేఖనమనవచ్చును. వానలు లేని మన సీమకు ఈ పేరు తగినదేయని నేను నవ్వుకొనుచుందును. 1959లో 914 అను యంత్రము వెలువడినది. మన దేశమున 1983లో మోడీ జిరాక్స్ సంస్థ యేర్పడినది. నాటినుండి యే మార్కు యంత్రముపై తీసిన నకలైనను తెలుగువారికి జిరాక్సే. కానన్ యంత్రము ముందు నిలిచి “రెండు జిరాక్సులు తీయప్పా” యని యడుగుదుము.

ఇక మా చెల్లెలి కుమారుని సంగతి. అతడు పదునొకండేండ్లు కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలలో ఒకే మార్కు యంత్రములను చూచుచుండెను. మోటారు సైకిలుపై సంచి, సంచిలో స్క్రూడ్రైవర్లు, బ్రష్షు, టోనరు డబ్బా. యంత్రపు చప్పుడు విని దోషమును చెప్పగలవాడని కార్యాలయములలో పేరు. అతడు పనిచేయు పంపిణీదారు – పేరేల? – ఒకనాడు ఆ మార్కు వ్యాపారమును చాలించెను. పిల్లవానియొద్ద తన సొమ్ముతో కొనిన విడిభాగములు ఒక బీరువా నిండ మిగిలినవి. అవి మఱియే యంత్రమునకును పట్టవు. వేఱొక మార్కువారు పిలిచిరి గాని, హైదరాబాదునకు పోయి శిక్షణము పొందవలెననిరి. అన్నాళ్లును జీతము లేదు.

అపుడు మన పెద్దలలో కొందఱు చెప్పిన మాటలు నా చెవిలో నిప్పటికి నున్నవి. “నమ్మిన కంపెనీని విడుచునా?” యని యొకరు. “నేర్చినదంతయు నేలపాలు, కిరాణాకొట్టు పెట్టుకొమ్మనుడు” అని యొకరు. మొదటివారికి నా సమాధానము: కంపెనీలే నిలుకడగా లేవు. మిటా 2000లో క్యోసెరా చేతికి పోయెను. కోనికాయు మినోల్టాయు 2003లో నొకటయ్యెను. ఫ్యూజీ జిరాక్స్ 2021లో ఆ పేరునే విడిచెను. రికోయు తోషిబా టెక్కును 2024 జూలైలో యంత్రనిర్మాణమునకై ఉమ్మడి సంస్థ నేర్పఱచుకొనినవి. యజమానులే గోత్రములు మార్చుకొనుచుండ, మరమ్మతు చేయువాడు మాత్రము ఏకపత్నీవ్రతుడై యుండవలెననుట యెక్కడి న్యాయము?

రెండవవారికి సమాధానము కొంత విపులముగా జెప్పవలయును. పాణిని ‘అచ్చు’ లనువానిని కాతంత్రకారుడు ‘స్వరములు’ అనును, ‘హల్లు’ లనువానిని ‘వ్యంజనములు’ అనును. సూత్రములు వేఱు, క్రమము వేఱు. ‘రామః’ అను రూపము మాత్రము రెండింట నొకటే. ఈ యంత్రములును అట్టివే. డ్రమ్మునకు విద్యుత్తు నెక్కించుట, వెలుతురుతో అక్షరరూపమును నిలుపుట, టోనరు నంటించుట, కాగితముపైకి దింపుట, ఫ్యూజరు వేడిచే కరగించి యతుకుట, మిగిలిన పొడిని బ్లేడుతో గీకివేయుట – ఇవి లేని మార్కు లేదు. ఫ్యూజరు వేడెక్కనిచో కానన్ యంత్రము ‘ఈ’ అక్షరముతో నొక సంఖ్యను చూపును, రికో ‘ఎస్‌సి’ తోను, క్యోసెరా ‘సి’ తోను చూపును. రోగమొకటే, పేర్లు మూడు.

కాని పేరు తెలియనిచో వైద్యము సాగదు. పెక్కు యంత్రములలో ఫ్యూజరు దోషము వచ్చినతోడనే యంత్రము తన్ను తాను బంధించుకొనును. చెడిన భాగమును మార్చినను, సర్వీసు మోడ్ లోనికి బోయి ఆ దోషమును తుడిచినగాని కదలదు. ఆ ద్వారము ప్రతి మార్కునకును వేఱు. శిక్షణములో వీరు నేర్చునది ముఖ్యముగా ఇదియే. ఒక దాని టోనరు మఱియొకదానికి చెల్లదు. కొన్నింటి పొడి ఋణవిద్యుత్తును, కొన్నింటిది ధనవిద్యుత్తును వహించును. కరగు వేడియు వేఱు. అగ్గువకు దొరికెనని కలిపినచో కాగితమంతయు బూడిదవన్నె కమ్మును, లేదా అక్షరములు చేతికంటును.

మా పిల్లవాడు శిక్షణము ముగించి వచ్చెను. 2022 ఏప్రిల్ 4న నంద్యాల, రాయచోటి కేంద్రములుగా క్రొత్త జిల్లాలేర్పడిన పిమ్మట కార్యాలయములును, యంత్రములును పెరిగినవి గదా. క్రొత్త మార్కులో అతని తొలిపని నంద్యాలలో. నకళ్లపై మచ్చలు పడుచున్నవని పిలిచిరి. అతడు డ్రమ్మును తీసి, తన పూర్వపు అలవాటుచొప్పున స్పిరిటు గుడ్డతో తుడిచి, కిటికీయొద్ద నెండవెలుతురులో బెట్టి టీ త్రాగ బోయెను. పూర్వము చూచిన డ్రమ్ములు సిలికాన్ పూతవి, గట్టివి, అవి ఓర్చుకొనెను. ఇది సేంద్రియపు పూతది. స్పిరిటునకు పూత చెడెను, వెలుతురునకు సత్తువ తగ్గెను. నల్లకాగితము చుట్టి యుంచవలసినదని శిక్షణములో చెప్పియే యుండిరి. క్రొత్త డ్రమ్మును తన డబ్బుతో కొని వేసి, రాత్రి మా యింటికి వచ్చి, “మామా, చేతికి తెల్సిన పనే నన్ను ముంచె” ననెను. నేనేమియు ననలేదు. క్రొత్త వ్యాకరణము పట్టిన విద్యార్థి ప్రాతసూత్రమునే యప్పగించుట నేను పెక్కుమాఱులు చూచితిని.

అతని నేర్పు వ్యర్థము కాలేదనుటకు మన నేలయే సాక్షి. బేతంచెర్ల నాపరాతి ధూళి, యెఱ్ఱగుంట్ల సిమెంటు ధూళి యెట్టివో హైదరాబాదు శిక్షకులకు తెలియునో లేదో. కాగితములు తమంతట లోనికి పోవుచోటి సన్నని గాజుపై నొక్క రేణువు నిలిచినను పుట నిలువునను నల్లని గీత పడును. వానకాలమున కాగితము చెమ్మగిల్లి వంకరవోయి లోపల చిక్కును. ఇవి మార్కు నడిగి రావు. ఆ కార్యాలయములలో చాలమంది కంప్లయింటు పుస్తకమున అతని పేరే వ్రాయుదురని వినుచున్నాను.

ఇపుడు సంఘమువారికి నా మనవి. మన విద్యానిధి కాలేజీ చదువులకు మాత్రమే ద్రవ్యమిచ్చుచున్నది. ఇంజనీరింగు చదివి యూరక కూర్చుండిన వానికి దొరకిన సాయము, చేతిపని యెఱిగి మార్కు మార్చుకొనబోవువానికి దొరకదు. మా పిల్లవాడు అన్నాళ్ల యిల్లుగడుపుటకు భార్య గాజులు కుదువబెట్టెను. ఇది దాచదగిన సంగతి యని కొందఱనిరి, నేను దాచను. శిక్షణకాలమున గదియద్దె, భోజనము, తొలి విడిభాగముల ఖరీదు – ఇంతమాత్రము వడ్డీలేని యప్పుగా నిచ్చి, నెలకింత చొప్పున రాబట్టుకొనవచ్చును. దానమక్కఱలేదు. ఒక మార్కు విడిభాగములు మిగిలినవాడును, అవియే కావలసినవాడును ఒకరినొకరెఱుగుటకై సంఘ కార్యాలయమున నొక పుస్తకము పెట్టుడు. ఆదోనిలో పనికిరానిది రాజంపేటలో పనికివచ్చును. విదేశములలో వాడి విడిచిన యంత్రములు మన యంగళ్లలో పెక్కు తిరుగుచున్నవి. ప్రాతభాగమునకు గిరాకి యింకను గలదు.

ఈ తీర్మానమును వ్రాతపూర్వకముగా కార్యదర్శిగారికిచ్చితిని. మా పిల్లవానిని మీ యెదుట నిలువబెట్టవలెనని యుంటిని. ఉదయము బయలుదేరుచుండగా నంద్యాల కార్యాలయమునుండియే ఫోను వచ్చినది. డ్రమ్మునకు నల్లకాగితము సంచిలో పెట్టుకొని అటు పోయినాడు.