బొమ్మ తీయుట, పేరు వ్రాయుట

(మాన్కోలిలో మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఛాయాచిత్రకళను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మన కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను నూలు వ్యాపారిని, కళాకారుడను కాను. ఏ కెమేరా కొనవలెను, దేనికి డబ్బు పెట్టవలెను అని అడిగినచో వ్యాపారిగా నాకు తోచినది చెప్పగలను. కాని అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. మనము ఏ బొమ్మలు తీయవలెను? తీసినవానిని ఎట్లు నిలుపుకొనవలెను? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో దొరకినది కాదు. మా యింటి గోడ మీద దొరకినది.

మా యింట ఒక పటమున్నది. మా తాతగారు కరీంనగరము జిల్లా నుండి భివండీకి వచ్చి సాంచా పట్టిన తొలి దినములలో, ఒక కార్ఖానా ముంగిట 11 మంది నిలువబడగా ఎవరో తీసిన బొమ్మ అది. 2005 జూలై 26 నాటి మహావర్షమునకు మా యింటిలోనికి నీరు వచ్చి ఆ పటము నానినది. ఆరిన పిమ్మట బొమ్మ అద్దమునకు అంటుకొనిపోయినది. తొందరపడి దానిని ఊడదీయబోయి ఇద్దరి ముఖములను నేనే పోగొట్టితిని. మిగిలిన 9 మందిలో మా తాతగారు ఒకరు, ఆయన తోడల్లుడు ఒకరు. తక్కిన 7 గురు ఎవరు? మా మేనత్తకు తెలియును. బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడెల్ల ఆమె ఒక్కొక్కరిని వేలితో చూపి, ఇంటిపేరుతో సహా, ఏ ఊరివారో కూడ చెప్పెడిది. మేము ఊకొట్టితిమే గాని ఒక్కరమును వ్రాసికొనలేదు. ఆమె గతించినది. ఆ 7 గురి మనుమలు నేడు ఈ సభలోనే యుండవచ్చును. వారికి నేను ఆ బొమ్మను చూపగలనుగాని, "ఇతడు మీ తాత" అని చెప్పజాలను.

ఇందుకు మారుగా మరియొక ఉదాహరణము వినుడు. లాలా దీన్‌దయాళ్ తెలుగువాడు కాడు. 1844 లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ఉద్యోగము చేసి, తరువాత సికిందరాబాదున స్టూడియో పెట్టినవాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆయనను తన ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించెను. 1894 లో రాజా బిరుదమిచ్చెను. 1896 లో ఆయన బొంబాయిలో కూడ స్టూడియో తెరచెను. హైదరాబాదు నుండి బొంబాయికి బ్రతుకుదెరువు వెదకుకొనుచు వచ్చిన మన త్రోవనే ఆయన కళయు నడచినదనుకొనుడు. 1905 లో ఆయన కాలము చేసెను. 1989 లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము ఆయన సంస్థకు చెందిన 2,857 గాజు పలకలను సేకరించినది. గాజు పలక జారిపడినచో పగులును. అట్టివి ఇంతకాలము నిలిచి, నేటికిని ఏది ఎక్కడిదో తెలియుచున్నదన్నచో, ఆ సంస్థవారు పలకలకు సంఖ్య వేసి, స్థలము పేరు వ్రాసి ఉంచుట అందుకు ముఖ్య కారణము. ఆయన కెమేరా గొప్పదే. కాని దానికంటె ఆయన లెక్క గొప్పది. వ్యాపారినగుటచే ఈ మాట నాకు మరింత బాగుగా అర్థమైనది.

రాజుల బొమ్మలు ఆయన తీసెను. మన బొమ్మలు ఎవరు తీయవలెను? కోరుట్లలో 1939 లో జన్మించి 2011 లో దివంగతులైన రాజన్‌బాబుగారు ఆదివాసుల జీవితమును చిత్రించిరి. వరంగల్లువారైన భరత్ భూషణ్‌గారు, 2022 లో కన్నుమూసిన కళాకారులు, తెలంగాణ పల్లె స్త్రీలను, బతుకమ్మను చిత్రించిరి. వారు మన కన్నవారి ఊళ్లను కాపాడిరి. మనము వచ్చి స్థిరపడిన ఈ సాంచాల ఊరిని కాపాడవలసినవారము మనమే. కాలము కూడ తక్కువగా నున్నది. మాన్కోలి నాకా వద్ద నిలిచి చూచినచో కనుచూపు మేర గోదాములే. నాడె లేకుండ నడచు రేపియర్ మగ్గములు, ఎయిర్‌జెట్ మగ్గములు వచ్చుచున్నవి. పాత సాంచాలు తుక్కు ధరకు పోవుచున్నవి. నాడె ఎగురుచుండగా తీయవలసిన బొమ్మను మన మనుమలు తీయజాలరు, మీరే తీయవలెను.

ఇక పద్ధతిని గూర్చి చెప్పెదను. మొదటిది వెలుతురు. బట్ట నాణ్యము చూడవలసినప్పుడు మనము ఏమి చేయుదుము? దుకాణములోని దీపము క్రింద చూడము. వాకిటికి తెచ్చి, ప్రక్కనుండి వెలుతురు పడునట్లు పట్టి చూతుము. అప్పుడే పడుగు, పేక, తెగిన పోగు కనబడును. ముఖము కూడ అట్టిదే. ఎదుటినుండి ఫ్లాష్ కొట్టినచో ముఖము చదునై పోవును. కిటికీ ప్రక్క కూర్చుండబెట్టినచో 60 ఏండ్ల శ్రమ ఆ ముడుతలలో కనబడును. మీ వ్యాపార వంశమున పుట్టిన కన్నుకు ఇది క్రొత్తగా నేర్పవలసిన పని లేదు.

రెండవది వేగము. మన మామూలు సాంచాపై నిమిషమునకు 100 కు పైగా పర్యాయములు పేక పడును. నాడె పరుగు సెకండుకు సుమారు 10 నుండి 12 మీటర్లు. కెమేరా తెర సెకండులో 1000 వ వంతు తెరచినచో, ఆ వ్యవధిలో నాడె ఒక సెంటీమీటరు మాత్రమే కదలును. ఇంచుమించు నిలిచినట్లు కనబడును. సెకండులో 50 వ వంతు తెరచినచో జానెడు మేర కదలి, వెండి గీతవలె సాగును. ఏది సరియైనది? రెండును సరియైనవే. నాడె ఎట్లుండునో చూపదలచినచో మొదటిది. సాంచా నడచుట ఎట్లుండునో చూపదలచినచో రెండవది.

అయితే ఇందొక చిక్కు కలదు. మన కరెంటు సెకండుకు 50 ఆవృత్తములది. కనుక పాత ట్యూబులైటు సెకండుకు 100 మారులు హెచ్చి తగ్గును. కంటికి తెలియదుగాని, 1000 వ వంతు వేగమున బొమ్మ తీసినచో నల్లని చారలు పడవచ్చును. 50 వ వంతు, 100 వ వంతు వేగములలో ఈ బాధ యుండదు. కావున నాడెను నిలిపి చూపు బొమ్మకు పగటి వెలుతురు వచ్చు కార్ఖానాను ఎన్నుకొనుడు. రాత్రి పాళీలో తక్కువ వేగము పెట్టి, సాంచా నడపువాని ముఖము స్పష్టముగా, నాడె గీతగా వచ్చునట్లు తీయుడు. కార్ఖానా నేల అదురుచుండును గనుక మూడుకాళ్ల స్టాండు అక్కడ అంతగా పనికిరాదు. మోచేతులు ప్రక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీయుడు. చీకటి యెక్కువైనచో ఐ.ఎస్.ఓ. పెంచుడు. బొమ్మలో కొంత గరుకు కనబడును. గరుకైన బొమ్మ చూడవచ్చును. అలికినట్లు కదలిన ముఖమును ఏ విద్యయు సరిచేయజాలదు.

తెల్లని బట్ట తానులు బొమ్మనిండ ఉన్నప్పుడు కెమేరా మోసపోయి వానిని మాసినట్లు చూపును. అప్పుడు ఎక్స్‌పోజరు ఒక మెట్టు పెంచుడు. ఈనాడు మనిషి వెనుకనున్నదంతయు మసకబార్చుట ఒక వేడుకయైనది. పెండ్లికూతురి బొమ్మకు అది అందమే. కాని సాంచా ముందు నిలిచిన మనిషికి ఆ సాంచాయే చరిత్ర, దానిని మసకబార్చకుడు. అపర్చరు 5.6 కో 8 కో తగ్గించి వెనుకదానిని గూడ కనబడనిండు. ఫోనుతో ముఖమునకు మరీ దగ్గరకు పోకుడు. ముక్కు పెద్దదై చెవులు చిన్నవగును. 5, 6 అడుగుల దూరమున నిలువుడు. నలుపు తెలుపులు ఇష్టమైనచో తరువాత మార్చుకొనవచ్చును. మొదట రంగులలోనే తీయుడు. రంగునుండి నలుపు తెలుపు వచ్చునుగాని, తీసివేసిన తంగేడు పసుపు తిరిగి రాదు.

సామగ్రి విషయము. చేతనున్న ఫోను చాలును. మొదట దాని అద్దము తుడుచుకొనుడు. బట్టల ఊరిలో మెత్తని గుడ్డకు కరవు లేదు గదా! కొనదలచినవారు కొత్త కెమేరా పెట్టె కొరకు అప్పు చేయకుడు. పాతదానిని కొని, మిగిలిన డబ్బు ఒక మంచి 35 మిల్లీమీటర్ల లెన్సుకు పెట్టుడు. పాత లెన్సు కొనునప్పుడు ఒక ప్రక్కనుండి టార్చి వేసి రెండవ ప్రక్కనుండి చూడుడు. సాలెగూడువంటి బూజు కనబడినచో ఎంత చౌకయైనను వదలుడు. కార్ఖానాలో లెన్సు మార్చకుడు; ప్రత్తి దూది లోపలికి పోవును. కొంకణపు వానకాలమున కెమేరాను తోలు సంచిలో దాచకుడు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచుడు.

ఒక సాధన చెప్పెదను. మన తండ్రుల కాలపు ఆగ్ఫా క్లిక్ 3 కెమేరాలో ఒక చుట్టకు 12 బొమ్మలే వచ్చెడివి. మీరును ఒక పూట కార్ఖానాకు పోయి 12 బొమ్మలు మాత్రమే తీసి రండు. 13 వది లేదనుకొన్నప్పుడు కన్ను తెరచుకొనును.

అనుమతి లేక ఎవరి బొమ్మయు తీయరాదు. నేడు సాంచాలపై నిలిచినవారిలో ఉత్తరప్రదేశ్, బీహారు నుండి వచ్చినవారు పెక్కుమంది. ఒకనాడు మన తాతలు నిలిచిన చోటనే వారు నిలిచినారు. వారి బొమ్మయు తీయుడు. ఒక ప్రతి వారికిండు. వారి పేరును వ్రాయుడు. స్త్రీల విషయమున మన ఆడపిల్లలే కెమేరా పట్టవలెనని నా మనవి. 1892 లోనే దీన్‌దయాళ్ హైదరాబాదున స్త్రీల కొరకు ప్రత్యేక స్టూడియో పెట్టి, దానిని ఒక స్త్రీ చేతికే అప్పగించెను. మన యింట అవ్వ మనుమరాలి ఎదుట నవ్వినట్లు పరాయివాని ఎదుట నవ్వదు.

ఇక పాత బొమ్మలు. తడిసి అద్దమునకు అంటిన బొమ్మను నావలె ఊడదీయకుడు; అద్దముతోనే దానికి నకలు తీయుడు. తడిసి ఒకదానికొకటి అంటిన బొమ్మలను శుభ్రమైన నీటిలో నుంచినచో చాల వరకు విడివడును. ముఖము పైకి పెట్టి నీడన ఆరబెట్టుడు, ఎండలో వద్దు. నకలు తీయునప్పుడు ఫ్లాష్ వద్దు. కిటికీ వెలుతురున, కెమేరాను బొమ్మకు సమముగా పట్టుడు. వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపు అచ్చుపడును. వాట్సాప్‌లో మామూలుగా పంపిన బొమ్మ చిక్కిపోవును, డాక్యుమెంటుగా పంపుడు. మూడు ప్రతులుంచుడు: ఒకటి ఫోనులో, ఒకటి హార్డుడిస్కులో, ఒకటి వేరొక యింట. ముఖ్యమైనవానిని కాగితముపై అచ్చు వేయించుడు.

చివరగా నా ప్రార్థన. ప్రతి ఆదివారము ఉదయము మన పెద్దలు ఇంటనున్న పాత పటములతో సంఘ కార్యాలయమునకు రావలెను. యువకులు నకలు తీయవలెను. పెద్దలు వేలితో చూపి పేరు చెప్పుచుండగా ఆ మాటను గూడ ఫోనులో ధ్వనిముద్రణ చేయవలెను. సంఖ్య వేసి ఒక పుస్తకమున ఎక్కింపవలెను. ఆ పుస్తకమునకగు ఖర్చు నేను పెట్టుకొందును. మొదటి ఆదివారము మా యింటి పటమును నేనే తెచ్చెదను. 1 వ సంఖ్య దానికే వేయుడు. ఆ 7 గురిలో ఒక్కరినైనను ఎవరైన గుర్తించి, "ఈయన మా తాత" అనినచో, మా మేనత్త మాట వ్రాసికొనని తప్పు కొంతయైనను తీరును.

పెద్దలారా, మీరు చెప్పుడు. పిల్లలారా, మీరు వ్రాయుడు. సెలవు.