అంచుల నుండి తరుగుతున్న నేల

సమస్త స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.

గౌరవనీయ సోదరులారా! అర్‌రఅద్ సూరా 41వ ఆయతులో అల్లాహ్ తాను భూమిని దాని అంచుల నుండి తగ్గిస్తూ రావడాన్ని గమనించమంటున్నాడు. ముఫస్సిరులలో కొందరు దీనిని అవిశ్వాసుల అధికారం కుంచించుకుపోవడమన్నారు, మరికొందరు పండితుల మరణమన్నారు. ఆ వ్యాఖ్యానాలు శిరోధార్యాలే. అయినా ఆ ఆయతు పఠించినప్పుడల్లా మాకు కాకినాడ చెంత ఉన్న ఉప్పాడ తలపునకు వస్తుంది. అక్కడ సముద్రం ఇళ్లను, ఆరాధనాలయాలను, రోడ్డును కొంచెం కొంచెంగా తీసుకొనిపోయింది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలతో గోడ పేర్చారు. తుఫాను వచ్చినప్పుడల్లా అదీ దెబ్బతిన్నది. జమ్దానీ చీరలకు పేరుగాంచిన ఊరది. అక్కడి బెస్తవారు నిన్న వల ఆరవేసిన చోట నేడు అల నిలుచున్నది.

సముద్రం అంత దూరాన ఉండగా తర్లుపాడు మసీదులో ఈ ప్రసంగమేమిటని మీరు అడుగవచ్చును. నిజమే, ఇక్కడినుండి కడలి వంద కిలోమీటర్లకు పైగా ఉన్నది. కాని మార్కాపురం పలక ఎక్కడిది? వంద కోట్ల ఏళ్లకు పూర్వమే ఒక ప్రాచీన సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న బురద అది. భూగర్భపు ఒత్తిడికి గట్టిపడి రాయి అయినది. మనము బాల్యంలో అలిఫ్ బే దిద్దినది సముద్రపు అడుగుమట్టి మీదనే! ఆ రాయి తిరిగి మట్టి కావడమూ మన కళ్లముందే జరుగుతున్నది. పగటి ఎండకు వ్యాకోచించి, రాత్రి చల్లబడి సంకోచించి, పగుళ్లలో వాననీరు, చెట్లవేళ్లు చొరబడి, నల్లమల రాళ్లు చిట్లుతాయి. రాళ్లు చీలి వాటి నుండి నీరు వెడలడాన్ని, కొన్ని దైవభీతితో రాలిపడడాన్ని బఖరా సూరా 74వ ఆయతు ప్రస్తావించింది.

అలా రాలిన రేణువులను గుండ్లకమ్మ మోసుకొనిపోతుంది. కొంత కంభం చెరువులో ఆగుతుంది, కొంత దిగువ జలాశయంలో ఆగుతుంది, మిగిలినది బంగాళాఖాతానికి చేరుతుంది. అక్కడ అలల పని మొదలవుతుంది. గాలి పుట్టించిన అల తీరాన్ని ఏటవాలుగా తాకి ఇసుకను ఒడ్డుకు నెడుతుంది. నీరు మాత్రం తిన్నగా వెనుకకు జారుతుంది. ఇలా రేణువు మెట్టుమెట్టుగా తీరం వెంట నడుస్తుంది. మన కోస్తాలో సంవత్సరం మొత్తం లెక్కచూస్తే ఆ నడక ఉత్తరదిశకే ఎక్కువ. గోదావరి తెచ్చిన ఇసుక అట్లే ఉత్తరానికి సాగి, సుమారు 200 ఏళ్లలో కాకినాడ ముందర దాదాపు 16 కిలోమీటర్ల హోప్ ఐలాండ్‌ను నిలబెట్టింది. అల్లాహ్ ఒకచోట తీసి మరొకచోట పెడతాడు. అందులో నష్టమూ ఉన్నది, నిర్మాణమూ ఉన్నది.

అయితే ఈ నడకను అడ్డగిస్తే ఏమగును? చెన్నై ఓడరేవు గోడకు దక్షిణాన ఇసుక చేరి మెరీనా వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురైంది. కృష్ణ, గోదావరులపై ఆనకట్టలు లేచిన పిదప డెల్టాలకు చేరే ఒండ్రు బాగా తగ్గింది. 1990 నుండి 2018 వరకు తీరాన్ని పరిశీలించిన జాతీయ తీర పరిశోధన కేంద్రం, దేశపు తీరంలో 33 శాతానికి పైగా కోతకు లోనయిందని తేల్చింది. ఆనకట్టలు అన్నం పెట్టాయి, వాటిని నిందించడం మా ఉద్దేశం కాదు. ఉప్పాడ నష్టానికి మన వాగు కారణమనీ మేము చెప్పడంలేదు. సముద్రానికి చేరవలసిన ఇసుకకు ఎగువన కాపలాదారులము మనమేనని మాత్రం అంటున్నాము.

ఇప్పుడు మన మాటకు వద్దాము. వాగులో ఇసుక ఉత్త ఇసుక కాదు. వరదనీటిని స్పంజివలె పట్టి ఉంచి, ఒడ్డున ఉన్న బావులకు అందించేది అదే. ఫ్లోరైడుతో, ఎండిన బోర్లతో అలమటించే ఈ పశ్చిమ ప్రకాశంలో ఆ పొర ఎంత విలువైనదో మీకు మేము చెప్పనక్కరలేదు. రాత్రివేళ అనుమతి లేకుండా దానిని త్రవ్వి ట్రాక్టరుకెత్తితే, దిగువనున్న రైతు బావి ఎండుతుంది. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు తగిలించబడునని ప్రవక్త (స) హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. గట్టు జరిపినవాడే ఆక్రమించినవాడా? వాగు అడుగు ఎత్తుకొనిపోయినవాడు కాడా?

ఈ మాట చెప్పుటకు మాకు సిగ్గుగానే ఉన్నది. మేము ఇల్లు కట్టుకొన్ననాడు ఇసుక ధర అడిగాము, తగ్గించమన్నాము. ఏ వాగుదని, ఎవరి అనుమతితో తెచ్చారని అడుగలేదు. అడిగితే ధర పెరుగునని తెలుసును గనుకనే అడుగలేదు. కావున త్రవ్వినవానికే బోధించి, కొన్నవానిని వదలివేయుట న్యాయం కాదు. ట్రాక్టరు నడుపువానికి బ్యాంకు అప్పు ఉన్నది, ఇంట పిల్లలు ఉన్నారు. అతని పని మానమనుట సులభం, మరొక పని చూపుట కష్టం.

ఆ కష్టాన్ని గూర్చి మాట్లాడుకొనవలెను. జుమా నమాజు, సున్నతులు ముగిసిన పిమ్మట ట్రాక్టర్లు ఉన్న సోదరులు, ఈ ఏడాది ఇల్లు కట్టదలచినవారు, వాగు ఒడ్డున పొలమున్న పెద్దలు ఎడమవైపు వరుసలో కూర్చొనవలసినదిగా కోరుతున్నాము. మేమును అక్కడే కూర్చుంటాము. అఖూలు ఖౌలీ హాజా, వ అస్తగ్ఫిరుల్లాహ లీ వ లకుమ్.